అమ్మమ్మ నెత్తి మీద ఒట్టు

షామ్‌బర్గ్,
ఏప్రిల్ 27, 2025

తమ్ముడు కోటేశ్వరరావుకి, అక్క సామ్రాజ్యం చెబుతుంటే పక్కింటి పద్మజ రాస్తున్న ఉత్తరం. ముందు దీవెన, వెనకాలే తిట్లు.

ఫోనుండగా ఉత్తరమేమిటని నీ కోడలు రేణు నవ్వుతుందేమో, నవ్వుకోనీ. నీ చెవి మిషన్‌కీ ఫోన్‌కీ పడదు. నేనొకటి అడిగితే నువ్వు "ఆఁ, బాగానే ఉన్నాను" అంటావు. పైగా ఫోన్‌లో అన్న మాట అనలేదని దబాయిస్తావు. కాగితం మీద ఎలా దబాయిస్తావో చూస్తాను. నాకు అక్షరం ముక్క రాకపోవచ్చు, కాగితం అంటే ఏమిటో తెలుసు.

నళిని చేత రాయించొచ్చు కదా అంటావు. అది ఆఫీస్ నుంచి వచ్చేసరికే సోలిపోతుంది. అదీగాక కన్నకూతురైనా దానికి కొన్ని చెప్పకూడదు.

సంగతేంటంటే, దాని కొడుకు దేవ్‌ని ఈ ఏడాది మీ క్యారీ దగ్గరి బేస్‌బాల్ టీంలో వేశారు కదా. ఇది పెద్ద లీగ్ కాదట, కింది మెట్టట. ఇక్కడ బాగా ఆడితే పైకి పంపిస్తారు, ఆడకపోతే ఇంటికి పంపిస్తారు. మొన్న అల్లుడు కృష్ణమోహన్ ఫోన్‌లో ఏదో వీడియో చూస్తూ నేను రాగానే దాచబోయాడు. లాక్కుని చూశాను. మనవాడు గాల్లో వచ్చే బంతిని పరుగెత్తుకెళ్లి పట్టుకున్నాడు. ఎంత బాగా పట్టుకున్నాడనుకున్నావ్! పట్టుకుని, గోడవతల కూర్చున్న ఒక పిల్లకి ఆ బంతి ఇచ్చేసి, నవ్వుకుంటూ నడిచొచ్చేస్తున్నాడు. ముగ్గురు అవుటైతే కదరా ఆట మారేది? అప్పటికి ఇద్దరేనట! ఈలోగా అవతలివాళ్లు పరుగులు తీసేసుకున్నారు. జనమంతా పగలబడి నవ్వారు. అల్లుడూ నవ్వాడు. ఆయన సంగతి నేను చూసుకున్నానులే, రెండ్రోజులు చప్పిడి పప్పే.

ఇలాంటివి ఈ ఏడు చాలా జరిగాయట. నా మనవడు తెలివితక్కువవాడు కాదు. ఎవరి కళ్లో పడ్డాయి. నువ్వెళ్లి వాణ్ణి చూసి, ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి, మీ ఇంట్లోనే పొయ్యిలో వెయ్యి. స్టేడియం దగ్గర నిప్పు పెట్టకు, ఇది అమెరికా, పోలీసులొస్తారు.

పార్సెల్‌లో లేహ్యం పంపాను. సరస్వతి ఆకు, అతిమధురం, పిప్పళ్లు, తేనె, నెయ్యి, నా చేత్తో నేను ఉడికించింది. పొద్దున్నే ఉసిరికాయంత తినమను. బుద్ధి కుదురుగా నిలబడుతుంది. వాడెలా ఉన్నాడో ఉన్నదున్నట్టు రాయి. నీ సొంత పైత్యం కలపకు.

నీకంటే ముందు పుట్టిన పాపానికి,
నీ అక్క సామ్రాజ్యం

(బాబాయిగారూ, తిట్లు కొన్ని నేను తగ్గించాను. పద్మజ.)

&nbsp;

క్యారీ,
మే 6, 2025

అక్కయ్యకి నమస్కారాలు. పద్మజగారు తగ్గించగా మిగిలినవి నాకు సరిపోయాయి.

ఆదివారం రేణు డ్రైవ్ చేసి తీసుకెళ్లింది. దేవ్ బాగానే ఒళ్లు చేశాడు, ముఖంలోనే కళ లేదు. ఆటలో వాణ్ణి కనిపెట్టి చూశాను. దూరంగా గడ్డిలో నిలబడి కాలాడిస్తాడు, గోళ్లు కొరుకుతాడు, పైన విమానం పోతుంటే అది కనుమరుగయ్యేదాకా చూస్తాడు. కోచ్ చేత్తో ఏదో సైగ చేస్తే పక్కనున్నవాడు వీణ్ణి అరిచి పిలవాల్సి వచ్చింది.

అక్కా, నేను హైదరాబాద్‌లో ముప్ఫై ఏళ్లు మందుల కంపెనీలో పనిచేసినవాణ్ణి. నాకొక అనుమానం వచ్చింది. మనసు ఒకచోట నిలవని జబ్బు ఒకటుంది, ఏడీహెచ్‌డీ అంటారు. దానికిచ్చే మందుకి అనుమతి తెచ్చుకున్నవాళ్లు మామూలు జనంలో కంటే ఈ ఆటగాళ్లలో ఎక్కువని ఎప్పుడో చదివాను. జబ్బు లేకుండానే, హుషారు కోసం దొంగచాటుగా మింగి పట్టుబడ్డవాళ్లూ ఉన్నారు. మనవాడు అదేమన్నా మొదలుపెట్టి ఇలా అయిపోయాడేమోనని, ఆట అయ్యాక పక్కకి పిలిచి సూటిగా అడిగాను.

"ఏరా, ఏకాగ్రత మందేమన్నా వాడుతున్నావా?"

తల దించుకున్నాడు. "తాతయ్యా, దాని గురించి నేను మాట్లాడకూడదు" అన్నాడు.

ఇంకేం, దొరికిపోయాడనుకున్నాను. "వెంటనే మానెయ్, లేకపోతే మీ అమ్మకి చెబుతాను" అని గట్టిగా మందలించాను. వాడు అదోలా నవ్వి, "ఓకే తాతయ్యా, మానేశాననుకోండి" అన్నాడు.

ఇక నీ లేహ్యం. వాడి చేతికివ్వగానే టీం ట్రైనర్, వీళ్ల ఒళ్లూ తిండీ చూసుకునే అమ్మాయి, ఎక్కణ్ణుంచి వచ్చిందో వచ్చేసింది. మూత తీసి వాసన చూసింది. సీసా మీద "మామిడికాయ పచ్చడి" అనుంది. ఇది పచ్చడి కాదు, మందు అని నేను చెప్పడం పొరపాటైంది. పరీక్ష చెయ్యనిదేదీ ఆటగాడి నోట్లోకి పోకూడదట. పట్టుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేసింది.

దిష్టి తీశాను. మిరపకాయలు వెయ్యగానే ఇంట్లో పొగ అలారం మోగి, రేణు తువ్వాలు పట్టుకుని దానికింద గెంతింది. ఇకమీద దిష్టులు తీయించకు.

విధేయుడు,
కోటేశ్వరరావు

&nbsp;

షామ్‌బర్గ్,
మే 14, 2025

ఒరేయ్ కోటేశూ,

ఈసారి దీవెన లేదు. నా మనవణ్ణి దొంగమందు తినేవాడంటావా? ఆ నోరు ఎలా వచ్చిందిరా నీకు? ముప్ఫై ఏళ్లు మందుల కంపెనీలో చేశావు, అక్కడ నీకిచ్చిన పని సీసాలకి మూతలు బిగించడమేమో, నాకిప్పుడు అనుమానంగా ఉంది.

వాడు ఆ మందు తినడం లేదు. నాకెలా తెలుసంటావా? చెబుతాను విను. జనవరిలో వాడిక్కడున్నప్పుడు పొద్దున్నే ఒక గొట్టం బిళ్ల వేసుకుంటుంటే చూశాను. ఏంట్రా అది అంటే "ఫోకస్ కోసం అమ్మమ్మా" అన్నాడు. అంతకుముందు వారమే టీవీలో బిళ్లలు మింగి పట్టుబడ్డ ఆటగాళ్లని చూపించి, వీళ్లని ఏడాదిపాటు ఆటలోంచి వెలివేశారని చెప్పారు. వీడూ అదే మింగుతున్నాడనుకున్నాను. వాణ్ణి కూర్చోబెట్టి, వాడి చెయ్యి తీసి నా నెత్తి మీద పెట్టుకుని, "ఇక దీన్ని ముట్టనని నా మీద ఒట్టు వెయ్యి" అన్నాను. వేశాడు. మీ అమ్మకి చెప్పకు, బెంగపెట్టుకుంటుంది అన్నాను. చెప్పలేదు. అమ్మమ్మ మీద ఒట్టేసి తప్పే పిల్లాడు కాదు వాడు. కాబట్టి నీ అనుమానం తీసుకెళ్లి చెత్తబుట్టలో వెయ్యి.

అసలు దోషం ఆ ట్రైనర్‌ది. కుదురునిచ్చే లేహ్యాన్ని బీరువాలో పెట్టి తాళమేస్తే పిల్లాడికి కుదురెక్కణ్ణుంచి వస్తుంది? నా తరఫున నువ్వెళ్లి చెప్పు. ఇది నేను నా పిల్లలకి పెట్టాను, నీకూ పెట్టాను. నీ విషయంలో పనిచెయ్యలేదనుకో, అది దాని తప్పు కాదు. ఆ సీసా వాడి చేతికి వచ్చేవరకూ నువ్వక్కణ్ణుంచి కదలకు.

ఇప్పటికింతే. కోపం తగ్గలేదు, పద్మజకి చెయ్యి నొప్పెట్టింది.

సామ్రాజ్యం

&nbsp;

క్యారీ,
మే 20, 2025

అక్కయ్యా,

నీ ఉత్తరం చదివి కుర్చీలో కూలబడ్డాను. ఎంత పని చేశావే! నేనూ తక్కువ తినలేదు, ఆ సంగతీ చెబుతాను.

వెంటనే వెళ్లి దేవ్‌ని కార్‌లో కూర్చోబెట్టాను. రేణు పెసరట్లు కట్టింది. నాలుగు తిన్నాక మెల్లగా నోరు విప్పాడు. వాడికి ఆ జబ్బు నిజంగానే ఉందట, స్కూల్లో ఉన్నప్పుడే తేల్చారట. అప్పట్నుంచీ ఆ మందు మీదే చదివాడు, ఆడాడు. లీగ్‌వాళ్ల డాక్టర్లు వాణ్ణి పరీక్షించి, వేసుకోవచ్చని రాసిచ్చారు. దొంగచాటు లేదు, మోసం లేదు. జనవరిలో నీ నెత్తిన చెయ్యి పెట్టిన పూట మానేశాడు. ఎందుకు మానేశావని టీం డాక్టర్ అడిగితే "అది లేకుండానే బాగున్నాను" అని అబద్ధం చెప్పాడు.

"మరి అది వేసుకుంటే మిగతావాళ్ల కంటే ఎక్కువ బలం వస్తుంది కదరా?" అన్నాను, ఉండబట్టలేక.

"తాతయ్యా, హియరింగ్ ఎయిడ్ పెట్టుకుంటే మీకు అందరికంటే ఎక్కువ వినిపిస్తదా? అందరిలాగా వినిపిస్తదా?"

నేను చెవి తడుముకున్నాను. నేను మానెయ్యమన్నది, అప్పటికే మానేసి అవస్థ పడుతున్నవాణ్ణి!

సరే, మళ్లీ డాక్టర్ని అడిగి మొదలుపెట్టు అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "అమ్మమ్మ ప్రామిస్ తీసుకుంది. బ్రేక్ చేస్తే అమ్మమ్మకి ఏమైనా అవుద్ది." నేను నవ్వాను. వాడు నవ్వలేదు. "నువ్వు స్టాటిస్టిక్స్ చదివావు కదరా" అంటే, "వన్ పర్సెంట్ ఛాన్స్ ఉన్నా నాకొద్దు తాతయ్యా" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి అక్కా, నాకు.

ఇప్పుడు అసలు ప్రమాదం విను. జూన్ ఆఖరుకి ఎవర్ని ఉంచాలో ఎవర్ని పంపెయ్యాలో టీం తేల్చేస్తుంది. వాడి చోటు కోసం ఇంకొకడు కాచుక్కూర్చున్నాడు. ఇంకో సంగతి. నువ్వు భయపడ్డ బిళ్లకి అనుమతి ఉంది, నీ లేహ్యానికే లేదు! అందులో పడ్డ మూలికల్లో ఏం కలిసిందో ఎవరికీ తెలియదు. అది తిని పరీక్షలో ఏదైనా తేలితే, టీవీలో వాళ్లని వెలివేసినట్టే వీణ్ణీ వేస్తారు. ఆ అమ్మాయి తాళమేసి మన కొంప నిలబెట్టింది.

దయచేసి వీడియో కాల్‌లో వాడికి ఒట్టు తీసేశానని చెప్పు. ఒక్క నిమిషం పని.

కోటేశ్వరరావు

&nbsp;

షామ్‌బర్గ్,
మే 27, 2025

కోటేశ్వరరావుకి,

నీ ఉత్తరం పద్మజ రెండుసార్లు చదివింది. రెండోసారి కూడా నేను నిన్ను తిట్టలేదని భయపడి మంచినీళ్లు తెచ్చింది. నాకేం కాలేదు. ఆలోచిస్తున్నాను.

సాయంత్రం నళినిని నిలదీశాను. చిన్నప్పుడు వాడు రోజూ పొద్దున మింగినవి విటమిన్ బిళ్లలని నాకు చెప్పలేదుటే అన్నాను. ముందు బుకాయించింది, తర్వాత ఏడ్చింది. "నీకు చెబితే అందరికీ తెలుస్తుందని భయమేసిందమ్మా. పిల్లాడికి పిచ్చిమందు ఇస్తున్నారంటారు, రేపు పెళ్లి సంబంధాలప్పుడు ఆరా తీస్తారు" అంది. నేనెప్పుడు ఎవరి సంగతులు ఊరంతా చెప్పాను? (ఇక్కడ పద్మజ దగ్గింది. ఎందుకు దగ్గిందో నేనడగలేదు.)

కాబట్టి న్యాయం చెప్పు. తల్లి దాచింది, తండ్రి దాచాడు, పిల్లాడు సగమే చెప్పాడు, మందులవాడివి నువ్వు తలకిందులుగా చెప్పావు. అందరూ కలిసి నన్ను చీకట్లో కూర్చోబెట్టి, ఇప్పుడు నేను గోడకి గుద్దుకున్నానంటారా? నాకు తెలిసిందాన్ని బట్టి నేను చేసింది సబబే. పిల్లాడు చెడిపోతున్నాడనుకున్నప్పుడు నా దగ్గరున్నది నా నెత్తి ఒక్కటే. దాన్నే అడ్డం పెట్టాను.

ఇక వీడియోలో ఒట్టు తియ్యమంటావా? ఫోన్‌లో కనిపించే నెత్తి నెత్తా? చేత్తో పెట్టింది చేత్తోనే తియ్యాలి. పిల్లాడు దాన్ని నమ్మి పళ్లబిగువున మోస్తుంటే, నేనిక్కడ సోఫాలో కూర్చుని మీట నొక్కితే వాడి మనసులో ములుకు పోతుందా? వాడికి సెలవు దొరకదట. నేనే వస్తున్నాను. అల్లుడు టికెట్ బుక్ చేశాడు. నళిని తోడొస్తానంది, వద్దన్నాను. చక్రాల కుర్చీలో విమానం దాకా తోసుకెళ్తారట, అక్కడ నువ్వు దింపుకో.

నాకు పొద్దున ఫిల్టర్ కాఫీ, రాత్రి అన్నం. రాత్రిపూట చపాతీ పెట్టి అదే మంచిదని నాకు చెప్పకు.

సామ్రాజ్యం

&nbsp;

షామ్‌బర్గ్,
జూన్ 15, 2025

తమ్ముడూ,

క్షేమంగా చేరాను. నీ ఇంట్లో మర్యాదకి లోటు లేదు, రేణు బంగారం. ఇదంతా మంచి మాట. ఇప్పుడు రెండో మాట. నేను స్టేడియంలో ఏడ్చానని నళినికి చెప్పావట. చెమటరా అది! మీ ఊరి ఉక్కలో రాయికి కూడా చెమట పడుతుంది. జరిగింది జరిగినట్టు పద్మజ చేత రాయిస్తున్నాను, ఇంకెవరికైనా చెప్పాలంటే ఇది చూసి చెప్పు.

మొదట ఆ ట్రైనర్ పిల్లతో మాట్లాడాను. రేణు ఇద్దరి మాటలూ అటూ ఇటూ చెప్పింది. నా లేహ్యంలో ఏముందో వరసగా చెప్పాను. అంతా విని, "మీ మాట నేను నమ్ముతాను, పరీక్ష నమ్మదు కదా" అంది. ఇంకేదో గట్టిగా అందామనుకున్నాను. కానీ నా మనవడి నోట్లోకి పోయేదానికి ఇంత కాపలా కాసే పిల్లని ఏమనను? సీసా నువ్వే ఉంచుకోమ్మా, నీకు జలుబు చేసినప్పుడు తిను అన్నాను.

తర్వాత ఆట మొదలవకముందు దేవ్ కమ్మీ దగ్గరికి వచ్చాడు. నేను కుర్చీలో ఉన్నాను కదా, వాడు మట్టిలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. చెయ్యి తీసుకుని నా నెత్తి మీద పెట్టుకున్నాను. "నేను పెట్టిన ఒట్టు నేనే తీసేశాను. నీకు దోషం లేదు, నాకేమీ కాదు. డాక్టర్ ఎలా చెబితే అలా వేసుకో" అన్నాను. మూడుసార్లు అన్నాను. మూడోసారికి గానీ వాడు తలూపలేదు.

"ఇంత అవస్థ పడుతూ నాకెందుకు చెప్పలేదురా?" అన్నాను.

"నువ్వు అడగలేదు అమ్మమ్మా. ప్రామిస్ చెయ్యమన్నావ్" అన్నాడు. తప్పు పట్టినట్టు కాదు, టైం ఎంతైందంటే చెప్పినట్టు చెప్పాడు.

నేను వాడి టోపీ సరిచేశాను. అక్కయ్యకి జవాబు దొరక్కపోవడం ఇదే మొదటిసారని నువ్వు రేణుతో అన్నావట. విన్నాను. నా చెవులకి మిషన్ అక్కర్లేదు.

ఆ తర్వాతది నా తప్పు కాదు. మనవాణ్ణి చూసి ఇదేదో అదృష్టం తెచ్చే పూజనుకున్నాడు వాడి స్నేహితుడు, ఆ పొడుగాటి అబ్బాయి. టోపీ తీసి వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. వాడి వెనకాల ఇంకొకడు. చూస్తుండగానే సగం టీం వరసలో నిలబడింది. నా నెత్తేమన్నా గుడిగంటా, వచ్చినవాడల్లా చెయ్యి వెయ్యడానికి? వెళ్లి ఆడుకోండ్రా అని కసిరాను. అది కూడా దీవెనే అనుకుని "థాంక్యూ అమ్మమ్మా" అన్నారు అందరూ. దేవ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. వాడలా నవ్వగా చూసి ఎన్నాళ్లైందిరా.

అప్పుడు కారింది చెమట.

సామ్రాజ్యం

&nbsp;

క్యారీ,
జూలై 8, 2025

అక్కయ్యకి,

చెమటే. ఒప్పుకున్నాను.

నిన్నటిదాకా ఏం రాయాలో తెలియక ఆగాను. టీం డాక్టర్ పరీక్షించి మందు మళ్లీ మొదలుపెట్టించాడు. దేవ్ అసలు సంగతి కోచ్‌కి చెప్పేశాడు, అమ్మమ్మ ఒట్టుతో సహా. ఆయన తల గోక్కుని, "పాతికేళ్లుగా రకరకాల కారణాలు విన్నాను, ఇది వినలేదు" అన్నాడట. జూన్ ఆఖరి రోజున ముగ్గుర్ని ఇంటికి పంపారు. అందులో మనవాడు లేడు. సీజన్ ఆఖరిదాకా ఉంచి చూస్తామన్నారు. పైకి పంపుతారని కాదు అక్కా, ఉంచుతారు. అంతే. కానీ ఆట చూస్తే నీకే తెలుస్తుంది. గడ్డిలో నిలబడితే గడ్డిలోనే ఉంటున్నాడు.

నీకు చెప్పని తప్పొకటి నా దగ్గర మిగిలింది. నా పిచ్చి అనుమానం మే నెలలోనే ఇక్కడి స్నేహితుడొకడితో అన్నాను. అది పాకింది. పోయిన వారం ఒక గృహప్రవేశంలో భోజనాల దగ్గర ఎవరో "మీ మనవడేదో డోపింగట కదండీ" అన్నారు. చేతిలో పులిహోర పెట్టుకుని అందరికీ వినపడేలా చెప్పాను. పిల్లాడికి జబ్బుంది, మందుంది, అనుమతుంది, నోరుజారింది నేను అని. నా గొంతు ఎంత పెద్దదో నాకు తెలియదు కదా, పెరట్లోవాళ్లు కూడా లోపలికొచ్చారు.

కార్ ఎక్కుతుంటే ఒకావిడ వెంట వచ్చి, "అంకుల్, మా అబ్బాయికి కూడా... ఏ డాక్టర్‌కి చూపించాలో దేవ్‌ని అడిగి చెబుతారా?" అంది. ఆవిడ మెల్లగానే అంది. నాకు వినిపించింది.

కోటేశ్వరరావు

&nbsp;

షామ్‌బర్గ్,
జూలై 18, 2025

చిరంజీవి కోటేశ్వరరావుకి అక్క దీవెనలు. ఈసారి మనస్ఫూర్తిగానే.

గృహప్రవేశంలో నువ్వు అరిచినందుకు నేను మెచ్చుకున్నానని రాయమన్నాను. పద్మజ రాసిందో లేదో ఇంకోసారి చదివించుకున్నాను. నళినికి కూడా వినిపించాను. అది వంటింట్లోకి వెళ్లి, తర్వాత ఎవరికో ఫోన్ చేసి, "అవునండీ, మావాడికి చిన్నప్పట్నుంచీ ఉంది" అని గట్టిగానే చెప్పింది. తలుపు వేసుకోకుండా చెప్పింది.

నిన్న దేవ్ ఫోన్ చేశాడు. మొన్నటి ఆటలో మూడుసార్లు బ్యాట్ పట్టుకెళ్లి మూడుసార్లూ బంతి తగలక తిరిగొచ్చాడట. నాకు మళ్లీ అనుమానం వచ్చింది. "మందు వేసుకున్నావట్రా?" అన్నాను.

"వేసుకున్నా అమ్మమ్మా. వేసుకున్నంత మాత్రాన బంతి తగలదు. బంతి కనిపిస్తది. తగిలించడం నా పని. ఆ పిచ్చర్ బంతి బాగా వేశాడు, నేను కొట్టలేకపోయా. అంతే."

"మరి బాధగా లేదూ?"

"ఉంది. కానీ మూడుసార్లూ నేనక్కడే ఉన్నా" అన్నాడు. అని, రేపు మళ్లీ ఆట ఉందని నవ్వుతూ పెట్టేశాడు.

ఆ మాట నేను పడుకుని చాలాసేపు ఆలోచించాను. దిష్టి లేదు, మందు లోపం లేదు, ఆ ట్రైనర్ పిల్ల మంచిది, కోచ్ కూడా మంచివాడే అంటున్నావు. ఆఖరికి నీ తప్పు కూడా లేదు. మనసుపెట్టి ఆడి ఓడిపోయాడు. బాగానే ఉంది, వాడికి చాలు. మరి నాకు? ఈ వయసులో ఎవర్నీ తిట్టకుండా నేనెలా బతకనురా?

ఆ బంతి సరిగ్గా పడిందని వేలెత్తి చెప్పేవాడొకడు వెనకాల నల్లచొక్కా వేసుకుని నిలబడతాడు కదా, అంపైరో ఎవరో. వాడి పేరు కనుక్కుని వెంటనే రాయి.

సామ్రాజ్యం